చెబితే చచ్చే మందు

నా కూతురు ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం నేర్చుకోవడానికే నాకు ఎనిమిదేళ్లు పట్టింది. లాయరంటే ఏ కోర్టు అంటారు. కోర్టుకు పెద్దగా పోదంటే నవ్వుతారు. మందుల కంపెనీల పని అంటే మందుల షాపు పెట్టుకుందా అంటారు. ఒకసారి మైదుకూరు బస్టాండులో మా ఆయనకు తమ్ముడి వరస అయ్యే ఒకాయన నన్ను పట్టుకున్నాడు.

"ఏం వదినా, పాప డాక్టరు సదివిందంట గదా?"

"డాక్టరు కాదప్పా, లాయరు."

"మల్ల సదివింది సూక్ష్మజీవుల సదువు అంటిరే?"

"అదీ సదివింది, ఇదీ సదివింది."

"రెండు సదివినా యాడా కుదరలేదా పాపం?"

నాకు ఒళ్లు మండింది. నా గొంతు అసలే బొంగురు. గుట్ట మీది మందను కింద నుంచి అదిలించి అదిలించి అట్లా అయింది. బస్టాండులో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేట్టు చెప్పాను. "మనిషి కొత్తగా ఒకటి కనిపెడితే అది వానిదేనని సర్కారు చేత రాయిస్తాది నా కూతురు. వానిది కాకపోతే కాదనీ రాయిస్తాది. దాన్ని పేటెంటు అంటారు. నువ్వేమన్నా కనిపెట్టింటే తీసుకరా, సూస్తాది." ఆయన ఏమీ కనిపెట్టలేదు. బస్సు ఎక్కి పోయాడు.

నాకు చదువు రాదు. పేరు రాస్తాను, బస్సు బోర్డు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. ఇదంతా నేను చెప్తుంటే రాస్తున్నది మా మహిళా సంఘం పుస్తకం రాసే ఆమె. నాకంటే చిన్నది, అక్కా అని పిలుస్తుంది. అన్నది అన్నట్టు రాయమన్నాను. అచ్చులో పడేది కదా, కొంచెం సాపు చేస్తానంది. చెయ్యమ్మా, తిట్లు తీసేస్తే చాలు అన్నాను. ఈ కథలో ఆమె కూడా వస్తుంది.

మాది మైదుకూరు పక్కన పల్లె. గొర్రెలను, మేకలను కలిపి మా వైపు జీవాలు అంటాం. మా ఆయన జీవాలు మేపేవాడు. నేనూ మేపాను. మాకు ఒక్కటే కూతురు. ఇంట్లో పెద్ద తలకాయ మా అత్త, నా కూతురికి జేజి. ఆమె దగ్గర ఒక మందు ఉండేది.

వానలు పడి నేల బురదయినప్పుడు జీవాల గిట్టల సందులో పుండు పడుతుంది. ఆ పుండు మీద ఈగ వాలితే పురుగు పడుతుంది. పురుగు పడిన జీవం మూడు కాళ్ల మీద కుంటుతుంది, మేయదు, నాలుగు రోజులకు పడిపోతుంది. మా అత్త పొద్దు పొడవక ముందే లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా గుట్టకు పోయి ఆకు కోసుకొచ్చేది. తలుపేసుకుని నూరేది. ఆ ముద్ద పుండులో కూరి గుడ్డ కట్టేది. మూడో కట్టుకు పురుగు రాలి పుండు మానేది. రాజంపేట నుంచి కూడా వచ్చేవాళ్లు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. ఏ ఆకు అని అడిగితే మాత్రం చూపు తిప్పేసుకునేది.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు ఆ మందు నాకు ఇచ్చింది. చేతిలో ఉప్పు పెట్టి గుప్పెట మూయించింది.

"ఒకరికి ఒకరే తెలుసుకోవాల్సిన మందు మే ఇది. రేపు నీ కోడలుకో కూతురుకో నువ్వు ఇయ్యాల. ఆ నడుమ ఎవురికీ చెప్పకూడదు. నోరు దాటితే మందు సస్తాది. మందు సస్తే ఇంట్లో మనిషి నిలవడు."

సరే అత్తా అన్నాను. ఉప్పు చెమటకు కరిగి మణికట్టు దాకా కారింది.

నా కూతురు ఏడో తరగతిలో ఉండగా జీవాలకు గాలికుంటు జబ్బు వచ్చింది. ఊరూరా జీవాల గిట్టలు పగిలాయి. వెనకాలే వాన, వాన వెనకాల పురుగు. మా అత్త కంటి ఆపరేషనుకు కడపలో నా ఆడబిడ్డ ఇంటికి పోయి నెల రోజులు అక్కడే ఉండిపోయింది. నాలుగూళ్ల ఆడవాళ్లు మా గడప ముందు కూర్చున్నారు. సంఘంలో చేరి మొదటిసారి జీవాలు కొనుక్కున్నవాళ్లే ఎక్కువ. నేను ఒక్కదాన్ని ఎంత నూరగలను? రెండు రోజులు నూరాను, చేతులు బొబ్బలెక్కాయి. ఇంకా వస్తూనే ఉన్నారు. మూడో రోజు బడి వరండాలో సంఘం మీటింగు. నేను రోలు అక్కడికే మోయించాను. ఆకును పైకెత్తి అందరికీ చూపించాను. ఇది ఇంత, అది ఇంత, ఇట్ల నూరాల అని చెప్పి, అందరి ముందే నూరాను.

లేచేటప్పుడు అందరికీ దండం పెట్టి అడిగాను. "మే, మా అత్తకు తెలీకూడదు. మీకు నేను చెప్పలేదు, మీరు ఇనలేదు." అందరూ సరేనన్నారు.

జీవాలు బతికాయి. ఆ ఏడే, దసరాకు ముందు, మా ఆయన జ్వరంతో పడుకున్నాడు. నాలుగో రోజుకు లేడు.

ఎందుకు పోయాడో నాకు తెలుసు అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా అత్త కడప నుంచి వచ్చింది, కొడుకు కోసం ఏడ్చింది, నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు ఒకే కుండలో కూడు తిన్నాం. ఆమె మాట్లాడకపోయినప్పుడల్లా తెలిసిపోయిందేమో అనుకునేదాన్ని. మాట్లాడితే తెలీదులే అనుకునేదాన్ని. ఆమె పోయేదాకా నాకు అదే లెక్క. నాలుగూళ్ల ఆడవాళ్లు మాత్రం మాట నిలబెట్టుకున్నారు. తలుపేసుకుని ఎవరింట్లో వాళ్లు అదే మందు నూరుకునేవాళ్లు. ఎదురుపడితే ఏమీ తెలియనట్టు "అత్తను అడిగి కొంచెం మందు ఇప్పియ్యి" అనేవాళ్లు. అందరికీ తెలుసు, ఎవరికీ తెలీదు.

జీవాలు కాచుకుంటూనే కూతుర్ని చదివించాను. మైదుకూరులో ఇంటరు, కర్నూలులో డిగ్రీ. సూక్ష్మజీవుల చదువు. కంటికి కనపడని జీవాలుమా అని నాకు చెప్పేది. మనవి కనపడితేనే తప్పిపోతాండాయి, కనపడనివి యట్ల కాస్తావు పాపా అనేదాన్ని. పై చదువు హైదరాబాదులో చదివి, టీకాలు తయారుచేసే చోట పనికి కుదిరింది. ఏడాది తిరక్కముందే ఫోను చేసి, ఆ పని వదిలేసి ఇంకో పరీక్ష రాస్తానంది.

"ఏంటికి? ఏమన్నా అన్నారా?"

"లేదుమా. మూడేళ్లుగా పదిమంది కలిసి ఒక పని చేస్తాండారు. పక్క గదిలో ఒకామె కూర్చుని కాగితాలు చదువుతాది. ఆమె వచ్చి, ఇది యానాడో వేరే దేశంలో చేసేసినారు, ఆపండి అనింది. పదిమందీ ఆపేసినారు. నాకు ఆమె పని కావాల."

ఆ పరీక్ష మొదటిసారి తప్పింది. రెండోసారి గెలిచింది. దాంతో పేటెంట్ల దరఖాస్తులు రాసి సర్కారు ముందు నిలబడే అధికారం వచ్చింది. చాలదని లా కూడా చదివింది, పగలు పని, సాయంత్రం కాలేజీ. హైదరాబాదులో పెద్ద ఆఫీసులో ఏళ్ల తరబడి చేసింది. టీకాలు, విత్తనాలు, జీవాలకు వచ్చే జబ్బులు కనిపెట్టే పరీక్షలు, అన్నీ జీవం ఉన్న వాటి సంగతులే ఆమె బల్ల మీదికి వచ్చేవి. పని అంతా కంప్యూటరులోనే కదా, యాడ కూర్చుంటే ఏమని మూడేళ్ల కింద కర్నూలుకు వచ్చేసి, కోట బురుజుకు దగ్గర్లో మేడ మీద గది తీసుకుని సొంత బోర్డు పెట్టింది. ఆ బోర్డు మీద ఆమె పేరు ఒక్కటీ నేను చదవగలను. కింద నిలబడి మూడుసార్లు చదివాను. పండ్ల బండి ఆయన "ఎవురు కావాలమ్మా?" అన్నాడు. "ఎవురూ వద్దప్పా, సదువుకుంటాండా" అన్నాను.

ఆమె పని నేను కళ్లారా చూసింది ఆ గదిలోనే. ఒక కాలేజీ సారు వచ్చాడు. జీవాల రక్తం చుక్క వేస్తే జబ్బు తెలిసే కాగితం ముక్క తయారుచేశాడట. సంబరంగా చెప్పుకుంటూ పోతున్నాడు. నా కూతురు మధ్యలో ఆపింది.

"సార్, ఇది బయట యాడన్నా చూపించినారా?"

"చూపించకుండానా! రైతు మేళాలో పెట్టినాము. జనం విరగబడి చూసినారు. ఎట్లా చేసేదీ పుస్తకం వేసి పంచినాం."

"ఎంతకాలమైంది?"

"రెండేళ్లయింది."

నా కూతురు కలం బల్ల మీద పెట్టేసింది. "సార్, లోకానికి ఒకసారి తెలిసిపోయినాక అది కొత్తది కాదు. మీరే చెప్పినా సరే. ముందు నా దగ్గరికి రావాల్సింది." ఆయన మొహం చూసి నాకే జాలేసింది. టీ తెప్పించాను.

ఆయన పోయాక అన్నాను. "మీ జేజి మాటే గదా పాపా ఇది! ఎవురికీ చెప్పకూడదు అని."

"కాదుమా, తిరగబెట్టి చూడు. నేను నోరు మూసుకోమనేది దరఖాస్తు పెట్టేదాకా మాత్రమే. దరఖాస్తులో మాత్రం ఎట్ల చేసినాడో పూసగుచ్చినట్టు రాయాల. అది అచ్చేసి లోకమంతటికీ చూపిస్తారు. ఒక్క ముక్క దాచినా హక్కు పోతాది. కొన్నేళ్లు వానికి, ఆ తర్వాత అందరికీ."

"అంటే చెప్పినోనికే హక్కా?"

"చెప్పినోనికే."

మా అత్త లెక్కలో చెప్తే చచ్చేది, ఈ పిల్ల లెక్కలో చెప్తేనే బతికేది. ఎవరు సరి?

ప్రతి శుక్రవారం కొత్త దరఖాస్తులన్నీ సర్కారు అచ్చు వేస్తుంది. నా కూతురు వాటిని ఒక్కటీ వదలకుండా చదువుతుంది. ఒక శుక్రవారం ఫోను చేసింది.

"మా, జేజి మందులో ఏమేం పడతాయి?"

"చెప్పకూడదు గదా."

"సరే, నేను చెప్తా, నువ్వు ఊ అను." రెండు ఆకుల పేర్లు, ఇంకొక వస్తువు, ఏది ఎంత అని చదివింది. "ఊ అంటావా, లేదా?"

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఒక కంపెనీ, గిట్టల పురుగుకు ఈ మందు తానే కొత్తగా కనిపెట్టినానని దరఖాస్తు పెట్టింది. ఇది వాళ్లకు దక్కితే మన మందు వాళ్ల సీసాలో వస్తాది మా. వాళ్లను అడగకుండా ఇంగొకరు చేసి ఇయ్యడానికి లేదు."

ఎవరు చెప్పారో, ఎట్లా పోయిందో ఇవాళ్టికీ తెలియదు. నాకు వచ్చిన మొదటి ఆలోచన చెప్పేస్తాను, దాచడం ఎందుకు. "అట్లయితే నా పేరున రాయించు పాపా" అన్నాను. అది నవ్వింది. "నీ పేరున గూడా కాదుమా. ముందు నుంచీ అందరికీ తెలిసింది ఎవరిదీ కాదు. దాన్ని ఎవరూ కట్టేసుకోలేరు. ఆ మాటే నేను రుజువు చేయాల."

మా వైపు జీవాలు కాచే వాళ్ల సంఘం పేరున అభ్యంతరం దాఖలు చేసింది. అది ఆమె సొంత బోర్డు కింద వేసిన మొదటి అభ్యంతరం. మందుల కంపెనీలతోనే పని చేస్తూ కంపెనీ మీద అభ్యంతరం ఏందని ఒకరిద్దరు పని వెనక్కి తీసుకున్నారు. అయినా ఆగలేదు. మా ఇంట్లో తరతరాలుగా ఈ మందు వాడుతున్నామని నేను సాక్ష్యం చెప్పాను, నోటరీ ముందు సంతకం పెట్టాను.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. కడప నుంచి పేపరు విలేకరి వచ్చాడు. నన్ను రోలు పక్కన కూర్చోబెట్టి ఫొటో తీశాడు. అవ్వా, ఈ మందు ఇంకెవరికి తెలుసు అన్నాడు. ఊరంతా చుట్టూ నిలబడి చూస్తోంది. నేను తల ఎత్తి చెప్పాను. "ఎవురికీ తెలీదు నాయనా. ఏడు తరాల నుంచి మా ఇంటి గడప దాటలేదు. నేనూ ఎవురికీ చెప్పలేదు." చుట్టూ ఉన్న ఆడవాళ్లు, నా దగ్గర నేర్చుకున్నవాళ్లే, మట్టసంగా, ఏమీ ఎరగనట్టు, తలలు ఊపారు. పేపరు ముక్కను ప్లాస్టిక్ అట్టలో వేయించి గోడకు కొట్టుకున్నాను.

రెండు నెలలకు కంపెనీ జవాబు వచ్చింది. నా కూతురు ఆ కాగితాలు తీసుకుని పల్లెకు వచ్చింది. తిరగేస్తుంటే మధ్యలో నా ఫొటో కనపడింది.

"అబ్బా, నా బొమ్మ ఆడిదాకా పోయిందా!" అన్నాను.

"పోయింది మా. మన మీదికే పోయింది." వాళ్లు రాసింది చదివి చెప్పింది. ఈ అవ్వే చెప్తోంది కదా, ఎవరికీ తెలియదని. ఒక్క ఇంట్లో దాచుకున్న రహస్యం లోకానికి తెలిసినట్టు కాదు. కాబట్టి మాది కొత్తదే. "సాక్ష్యంలో వాడినామని మాత్రమే రాసినా. దాచినామని నువ్వు పేపరులో చెప్పినావు. ఇంగ బయటోళ్లకు తెలుసని ఇంగొకరు చెప్పాల. ఒక్కరన్నా."

ఇల్లిల్లూ తిరిగింది. నేను అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఒకామె "నాకేం తెలుసు పాపా, మీయమ్మనడుగు" అంది. ఇంకొకామె అయితే ఆ మాట అంటూనే కోసుకొచ్చిన ఆకు గంపను కాలితో గుమ్మం వెనక్కి నెట్టింది. వాళ్ల తప్పేముంది? నాకిచ్చిన మాట. ఇన్నేళ్లయినా నిలబెట్టుకుంటున్నారు.

నా కూతురు వచ్చి అరుగు మీద చతికిలబడింది. చెప్పులు కూడా విప్పలేదు. "ఓడిపోతా మా," అంది. పేటెంటు పరీక్ష తప్పినప్పుడు కూడా ఆ మాట అనలేదు. "వాళ్లు అబద్ధం చెప్తాండారని నాకు తెలుసు. రుజువు లేదు."

నేను గోడ మీద నా ఫొటో చూశాను. తల ఎంత ఎత్తుకుని ఉన్నానో అందులో.

"వాళ్లు కాదు పాపా. అబద్ధం నాది."

చెప్పేశాను. ఉప్పు, ప్రమాణం, బడి వరండా, రోలు, దండం పెట్టి అడిగింది, అన్నీ. చివరికి వాళ్ల నాయన సంగతి కూడా. "నేను నోరు దాటించినా. ఇంట్లో మనిషి నిలవలేదు" అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదలు.

నా కూతురు అంతా వింది. తర్వాత అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"ఆ పొద్దు వరండాలో ఎంతమంది ఉండారు? ఏ ఏ ఊరోళ్లు?"

లాయరు ముందు లేచింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊర్ల పేర్లు చెప్పాను, రాసుకుంది. కలం మూసి జేబులో పెట్టుకున్నాక కూతురు వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. "నాయన జ్వరంతో పోయినాడు మా. ఆ నెలలో ఆ జ్వరంతో మన ఊర్లోనే ఇంగో ఇద్దరు పోయినారు. వాళ్లింట్లో ఏ మందు చెప్పినారు? ఇన్నేళ్లు ఒక్కదానివే మోసినావా?"

మరుసటి రోజు సంఘం మీటింగులో నేను లేచి నిలబడ్డాను. "మే, ఆ పొద్దు నేను మీకు చెప్పినా, మీరు ఇన్నారు. మీ మాట మీకు తిరిగి ఇచ్చేస్తాండా. తెలిసినోళ్లు తెలుసని చెప్పండి."

వెనక నుంచి ఒకామె, "అబ్బ, ఇన్నేళ్లకు! ఆ తలుపేసుకుని నూరలేక సస్తాండాం తల్లీ" అంది. వరండా అంతా నవ్వు. "నేనైతే మా ఆయనకు గూడా చెప్పలేదు మే. ఆయన దీన్ని గోరింటాకు అనుకుంటాండాడు" అని ఇంకొకామె. రాసుకోడానికి నా కూతురికి కాగితాలు చాలలేదు.

ఆ నవ్వుల మధ్యలో, నా మాటలు రాస్తున్న ఈమె మెల్లగా లేచి ఇంటికి పోయి ట్రంకుపెట్టెలోంచి పాత తీర్మానాల పుస్తకం తెచ్చింది. మీటింగులో ఏం జరిగినా రాయడం, అందరి చేత సంతకం పెట్టించడం ఆమె పని. ఆ రోజు కూడా రాసింది. ఫలానా ఆమె గిట్టల పురుగుకు మందు నూరి చూపించింది, ఇది ఇంత, అది ఇంత అని. పైన తేదీ. కింద అందరి సంతకాలు, వేలిముద్రలు. మొదటి సంతకం నాదే. చదవడం రాదు కదా, నేను చేసిన తప్పు కిందే నేను సంతకం పెట్టుకున్నానని నాకే తెలియదు.

నా కూతురు ఆ పుటను చాలాసేపు చూసింది. "ఈడ ఒక అంకె కొట్టేసి దిద్దినారే? రెండు కొట్టేసి మూడు అని ఉండాది. పక్కన ఈ వేలిముద్ర ఎవరిది?"

పుస్తకం రాసే ఆమె నా వైపు చూసింది. "అక్కా, నువ్వు కోప్పడనంటే చెప్తా. అది మీ అత్తది."

చదవడం రాకపోయినా పుస్తకం నా వైపు లాక్కున్నాను.

"ఎట్ల తెలిసిందో ఏమో, కడప నుంచి వచ్చిన నెలకు నా దగ్గరికి వచ్చింది. ఆ పొద్దుది సదువు అనింది. సదివినా. కండ్లు మూసుకుని ఇనింది. రెండు పిడికిళ్లు కాదు, మూడు, తప్పు రాస్తే జీవాలు సస్తాయి, దిద్దు అనింది. దిద్దినా. నేను దిద్దించినానని ఉండాల అని ఆమే ఏలు తీసి ముద్ర ఏసింది. నీకు చెప్పొద్దనింది."

"ఏంటికి చెప్పొద్దనింది?"

"అడిగినా అక్కా. అది చెప్పుకోవాల్సింది కోడలు, నేను కాదు అనింది."

పదకొండేళ్లు. ఆమె నేను చెప్తానని చూసింది, నేను ఆమె అడుగుతుందని చూశాను. ఒకే కుండ, ఇద్దరు మొండి మనుషులు. కొడుకు పోయిన దుఃఖంలో ఉండి కూడా ఆమె నన్ను అనలేదు. మందు చచ్చిందని కూడా అనుకోలేదు, పాళ్లు సరిగ్గా ఉండాలని అనుకుంది. ఆ వేలిముద్ర మీద వేలు పెట్టి చూశాను. నా వేలి కంటే చిన్నది.

పుస్తకం, పద్నాలుగు మంది సాక్ష్యాలు, నాది కొత్తగా ఇంకొకటి, అన్నీ పోయాయి. నా సాక్ష్యంలో, పేపరులో నేను చెప్పింది నిజం కాదు, సిగ్గుపడి చెప్పాను అని ఉంది. నోటరీ చదివి, "అమ్మా, ఇది రాసి పెట్టాల్నా?" అన్నాడు. "పెద్ద అక్షరాలతో పెట్టప్పా" అన్నాను.

విచారణ కర్నూలు గదిలోనే, కంప్యూటరులో. తెర మీద ఒక గడిలో అధికారి, ఒక గడిలో కంపెనీ లాయరు, ఒక గడిలో నా కూతురు. నేను తెరకు కనపడకుండా పక్కన స్టూలు మీద. అంతా ఇంగ్లీషు. కంపెనీ లాయరు పెద్దమనిషి, మర్యాదగానే మాట్లాడాడు. ఆ దిద్దుబాటు గురించి అడిగాడని తర్వాత తెలిసింది. పుస్తకంలో దిద్దిన మాటను ఎట్లా నమ్మాలని. అప్పుడు నా కూతురి గొంతు మారింది. మెత్తగా మాట్లాడే పిల్ల, గొంతు బొంగురుపోయి, కింది నుంచి వచ్చింది. గుట్ట మీది మందను నేను అదిలించే గొంతు అది. ఇంగ్లీషులో. ఏమని చెప్పావని తర్వాత అడిగితే చెప్పింది. "ఒక్కరికే తెలిసిన రహస్యమైతే ఇంకొకరు రాసుకున్నదాన్ని దిద్దే పని ఆమెకేముంది? నలుగురూ సరిగ్గా చేసుకోవాలనే దిద్దింది. మీ దరఖాస్తులో ఉన్న అంకె కూడా ఆ దిద్దిన అంకెనే అని చెప్పినా మా."

ఉత్తర్వు వచ్చిన రోజు నేను జీవాలను తోలుకుని ఇంటికి వస్తున్నాను. ఫోను తీస్తే ముందు నా కూతురు ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

"పోయిందా పాపా?"

"పోయింది మా. వాళ్లది పోయింది. దరఖాస్తు కొట్టేసినారు."

దోవలోనే కూర్చున్నాను. జీవాలు నా చుట్టూ నిలబడ్డాయి, ఏమైందీ మనిషికని. ఉత్తర్వులో ఒక చోట మీ జేజి వేలిముద్ర గురించి రాసినారు మా, సంతకం రాని ఒక పెద్దామె అని, అంది. మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివింది. ఇంగ్లీషులోనే చదవమన్నాను. అర్థం కాకపోయినా ఆ గొంతుతో వినాలనిపించింది.

ఇప్పుడు ఎవరైనా నా కూతురు ఏం పని చేస్తుందని అడిగితే తడుముకోను. కొత్తది కనిపెట్టినోళ్ల హక్కు రాయిస్తుంది, పాతదాన్ని కొత్తదని తెచ్చినోళ్లను ఆపుతుంది, రెంటికీ జీవం తెలిసి ఉండాలి, అంటాను. గోడ మీది పేపరు ముక్క తీసేశాను. ఆ చోట దిద్దిన పుట నకలు పెట్టుకున్నాను. కాలేజీ సారు కూడా మొన్న ఇంకో కొత్తదానితో మళ్లీ వచ్చాడట, ఈసారి ఎవరికీ చూపించకుండా.

ప్రమాణం ప్రకారం ఈ మందు నేను ఒక్క కూతురికే ఇచ్చిపోవాలి. ఇవ్వాల్సిన పని లేకుండా ఆమే అందరికీ ఇప్పించింది. కాబట్టి అచ్చులోనే చెప్పేస్తాను, రాయమ్మా. గాడిదగడపాకు, సీతాఫలం ఆకు, సున్నం మీద నిలిచిన తేట. పొద్దు పొడవక ముందే పోనక్కర్లేదు, ఎప్పుడు కోసినా అదే ఆకు. మెత్తగా నూరి పుండులో కూరి కట్టాలి. జీవం నాకకుండా చూసుకోవాలి. సీతాఫలం ఆకు ఒక పిడికిలి. గాడిదగడపాకు మూడు పిడికిళ్లు.

మూడు. రెండు కాదు.